తరగతి గోడ మీద పది ఆజ్ఞలు: టెక్సాస్‌లో మన పిల్లల మాటేమిటి?

శ్రీవల్లి (డాలస్) | 2025 సెప్టెంబరు

టెక్సాస్ రాష్ట్ర చట్టం, సెనేట్ బిల్లు 10, 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల్లో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్లోని పది ఆజ్ఞల పటం ఉండాలట. కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. గదిలో ఏ మూల కూర్చున్నా అక్షరాలు కనిపించాలి. ఆగస్టులో శాన్ ఆంటోనియో ఫెడరల్ న్యాయమూర్తి ఫ్రెడ్ బీరీ కొన్ని స్కూలు డిస్ట్రిక్టుల్లో (స్థానికంగా బడులు నడిపే విభాగాల్లో) దీన్ని ఆపారు. మాది ఆ జాబితాలో లేదు. "దొంగతనం చేయవద్దు, తల్లిదండ్రులను గౌరవించు అంటే తప్పేముంది?" అంటున్నారు మావారు. మూడో తరగతి చదివే కూతురున్న నాకు మాత్రం మనసొప్పడం లేదు. మీరేమంటారు?

రాఘవ (హ్యూస్టన్)

శ్రీవల్లి గారూ, మీవారి మాటే నా మాట. ఆస్టిన్‌లో శాసనసభ ప్రాంగణంలో పది ఆజ్ఞల రాతిఫలకం ఉంది. దాన్ని అక్కడే ఉండనివ్వవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. పైగా ఈ పటాలను దాతలు ఇస్తే బడి తీసుకుంటుంది. ఇందులో మనకు పోయేదేమీ లేదు. ఇంట్లో దేవుడి గది మనకు ఉండనే ఉంది.

మాధవి (ఆస్టిన్)

రాఘవ గారూ, దాతల వాదన కొత్తది కాదు. కెంటకీ రాష్ట్రం కూడా విరాళాలతోనే పటాలు కొని తరగతుల్లో పెట్టించింది. 1980లో స్టోన్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. డబ్బు ఎవరిదైనా, పెట్టమని ఆదేశించింది ప్రభుత్వమే కదా! ఆస్టిన్ ఫలకం విషయం వేరు. ఇష్టం లేనివారు దాని పక్కనుంచి తల తిప్పుకుని వెళ్లిపోవచ్చు. బడికి వెళ్లక తప్పని ఎనిమిదేళ్ల పిల్ల ఏడాది పొడవునా ఆ గోడకు ఎదురుగానే కూర్చోవాలి.

అసలు ఆ పటం చదివారా? దొంగతనం సంగతి చాలా కిందికి వస్తుంది. మొదట్లో ఉన్నది "నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు" అన్నది. ఆ వెంటనే విగ్రహాలు చేసుకోకూడదన్నది. మొన్న ఆగస్టు 27న వినాయక చవితికి తన చేతులతో మట్టి గణపతిని చేసి, పత్రి పెట్టి పూజించిన పిల్ల మర్నాడు బడిలో ఈ వాక్యం చదివితే ఏమనుకోవాలి? తాను చేసినది తప్పని టీచరుగారి గోడే చెబుతోంది. ఆ వాక్యం చర్చిలో ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, చేతులు జోడించి వస్తాను. ప్రభుత్వం నా బిడ్డకు చెప్పడమే నాకు సమ్మతం కాదు.

ఇది క్రైస్తవుల మీద పోట్లాట అనుకోవద్దు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, యూదులు పది ఆజ్ఞలను ఒకేలా లెక్కపెట్టరు. టెక్సాస్ చట్టం వాటిలో ఒక వాక్యరూపాన్ని ఎంచి, అదే ఉండాలంది. అందుకే కోర్టుకెళ్లిన కుటుంబాల్లో హిందువులతో పాటు యూదులు, క్రైస్తవులూ ఉన్నారు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ 1802లో రాసింది ఎవరికి? కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టు క్రైస్తవులకు. అక్కడ వేరే చర్చికి ప్రభుత్వం అండ ఉండేది, వాళ్లు అల్పసంఖ్యాకులు.

ప్రసాద్ (గుంటూరు)

మాధవి గారూ, ఒక్క మాట. ఇక్కడ ప్రభుత్వ బడిలో సరస్వతీ ప్రార్థన పాడిస్తే మన సంస్కృతి అంటాం. పక్క వరుసలో నిలబడే క్రైస్తవ, ముస్లిం పిల్లల గురించి అడగం. అమెరికాలో మాత్రం గోడ కావాలా?

మాధవి (ఆస్టిన్)

రెండు చోట్లా కావాలి, ప్రసాద్ గారూ. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న సంస్థలో ఇష్టం లేని పిల్లవాణ్ణి ఆరాధనలో కూర్చోబెట్టకూడదనీ చెబుతోంది.

కేరళలో 1985లో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు జాతీయగీతం వచ్చినప్పుడు గౌరవంగా నిలబడ్డారు, తమ మతవిశ్వాసం ఒప్పదని పాడలేదు. బడి నుంచి వెళ్లగొట్టారు. మరుసటి ఏడు ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దని ఆయన రాశారు. ఆ ముగ్గురి కోసం నిలబడలేనివారు టెక్సాస్‌లో తమ పిల్లల కోసం ఏ ముఖంతో అడుగుతారు?

రాఘవ (హ్యూస్టన్)

స్టోన్ కేసు సంగతి ఒప్పుకుంటాను. కానీ మాలో చాలామంది ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. కోర్టు కాగితాల్లో పేరు ఎక్కించుకునే ధైర్యం లేదు. పిల్లలను తోటివారు వేరుగా చూస్తారేమోనన్న భయం కూడా ఉంది.

మాధవి (ఆస్టిన్)

ఆ భయాన్ని నేను తేలిక చేయను. అందరూ కేసు వేయనక్కర్లేదు. స్కూలు బోర్డు సమావేశంలో తల్లిదండ్రులు మాట్లాడటానికి సమయం ఇస్తారు. పక్కింటి యూదు కుటుంబాన్ని, మీ వీధిలోని పాస్టరును కలుపుకుని వెళ్లండి. ఒక్క హిందూ కుటుంబం ఫిర్యాదుగా అది మిగలకూడదు.

శ్రీవల్లి (డాలస్)

మా బోర్డు సమావేశం వచ్చే వారమే. నేను మాట్లాడతాను. డాలస్ చుట్టుపక్కల ఎవరైనా తోడు వస్తారా? మావారు కూడా వస్తామన్నారు, కానీ మాట్లాడరట, నా పక్కన కూర్చుంటారట.