హెన్రీ క్లే వర్క్ బానిసల పక్షాన పాట కట్టాడా, వాళ్ల యాసని అమ్ముకున్నాడా?

అట్లాంటా_నాన్న:
మా పాప పియానో పుస్తకంలో 'మై గ్రాండ్‌ఫాదర్స్ క్లాక్' ఉంది, ఎవరిదా అని చూస్తే హెన్రీ క్లే వర్క్ (1832-84) అని తెలిసింది, అమెరికా అంతర్యుద్ధం టైమ్‌లో ఉత్తరాది వాళ్లకి పాటలు కట్టినాయన. 1864లో ఉత్తరాది సేనాపతి షెర్మన్ 60,000 మంది సైన్యంతో మేముండే ఈ అట్లాంటా నుంచే సవానా దాకా తగలబెట్టుకుంటూ పోయాడు కదా, దాని మీద వచ్చిన 'మార్చింగ్ త్రూ జార్జియా' కూడా ఈయనదే. కానీ 1862లో రాసిన 'కింగ్‌డమ్ కమింగ్' చదివాక మనసు చివుక్కుమంది. బానిసలు మాట్లాడినట్టుగా మాటలన్నీ విరిచి రాశాడు, పైగా దాన్ని జనంలోకి తీసుకెళ్లింది మిన్‌స్ట్రెల్ షోలు, అంటే తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించే ఆటలు. ఇది పిల్లలకి నేర్పొచ్చా?

పాతపాటలు:
నేర్పాలి అనే అంటా. ముందు వాళ్ల నాన్న సంగతి తెలుసుకోండి. అలాన్సన్ వర్క్, 1841లో, అప్పట్లో బానిసత్వం ఉన్న మిస్సోరీ రాష్ట్రంలో బానిసలు తప్పించుకోడానికి సాయం చెయ్యబోయి దొరికిపోయాడు, 12 ఏళ్ల శిక్ష వేశారు, 1845లో వదిలారు. నాన్న జైలుకి పోయేటప్పటికి ఈయనకి తొమ్మిదేళ్లు కూడా సరిగ్గా లేవు. అలాంటి ఇంట్లో పెరిగి, ప్రెస్‌లో అచ్చుపని చేసుకుంటూ రాసిన పాట ఇది. అందులో నవ్వులపాలయ్యేది ఎవరండీ? ఉత్తరాది ప్రెసిడెంట్ లింకన్ యుద్ధ పడవల పొగ కనపడగానే దొర పారిపోతాడు, బానిసలు ఓవర్‌సీర్‌ని, అంటే వాళ్ల మీద పెత్తనం చేసేవాణ్ణి, కొట్లో పెట్టి తాళం వేసి ఆ తాళంచెవి బావిలో పడేసి దొర ఇంట్లో కూర్చుంటారు! బానిసలకి స్వేచ్ఛ ఇస్తూ లింకన్ చేసిన విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న, అంటే దానికి ముందే ఆయన బానిసని ఆ ఇంటికి యజమానిని చేసేశాడు. మిగతావాళ్లు జెండా గురించి, అమ్మని తలుచుకునే సిపాయి గురించి రాస్తున్న రోజులవి.

యాసబిడ్డ:
అన్నా, నువ్వు చెప్పిన కథ నిజమే, నాకూ ఆయన మీద గౌరవం ఉంది. కానీ యాస సంగతి నన్ను అడుగు. మా తెలంగాణ భాషని ఏండ్ల తరబడి సినిమాల్లో రౌడీకి, జోకర్‌కి పెట్టిన్రు. మంచి డైలాగే రాసినం కదా అంటే ఏం లాభం, హాల్ల నవ్వింది మాత్రం మా మాట మీదనే. గక్కడ గూడ అంతే, ఓవర్‌సీర్‌ని తాళమేసిన ముచ్చటకి నవ్విన్రా, మసి పూస్కున్నోడు నోరు తిప్పుతుంటే నవ్విన్రా? చప్పట్లు, పైసలు గూడ ఆ మసి పూస్కున్నోనికే పోయినయి కద. ఆయన మనసు మంచిదే గావచ్చు, గా యాస ఆయనది గాదు.

పాతపాటలు:
సినిమా మాట ఒప్పుకుంటా తమ్ముడూ, అది నాకు తట్టలేదు. అయినా పాట మొత్తం పక్కన పెట్టేస్తే ఆ దొర పారిపోయిన కథ కూడా పోతుంది, అదే నా బాధ.

అట్లాంటా_నాన్న:
ఇద్దరికీ థాంక్స్. ట్యూన్ వాయించనిస్తా. యాసతో పాడించను. మిస్సోరీ జైలు సంగతి మాత్రం ఈ రాత్రికే చెప్తా, ఎందుకంటే మా పాపకి ఇప్పుడు సరిగ్గా ఎనిమిదేళ్లు.