బెన్నె అంటే వెన్నేనా?

ప్రశ్న: అమెరికాలోని చార్లెస్టన్ నుంచి మా అమ్మాయి ‘బెన్నె వేఫర్లు’ అని ఒక డబ్బా తెచ్చింది. పలచని బిస్కట్లు, నిండా నువ్వులు. చేయడంలో వెన్న కూడా వేస్తారట. ఈ బెన్నె, కన్నడ బెణ్ణె, మన వెన్న ఒకటేనా?

జవాబు: కాదండీ. బెణ్ణె, వెన్న అక్కచెల్లెళ్ళు. ఈ బెన్నెకు వాటితో చుట్టరికం లేదు. పశ్చిమ ఆఫ్రికాలో వోలోఫ్, మాండింకా, బంబారా భాషల్లో నువ్వులకు ‘బెనె’ అని పేరు. బానిసలుగా దక్షిణ కరొలైనా, జార్జియా తీరాలకు చేరిన వారితో పంటా వచ్చింది, పేరూ వచ్చింది. 1808లో అప్పటి అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఒక ఉత్తరంలో ఈ సంగతే రాశాడు: దీన్ని ఆఫ్రికా నుంచి తెచ్చింది ఆ నల్లవారేనని, రొట్టెల్లో కలిపి కాల్చుకుంటారని, ఆకుకూరలతో ఉడికించుకుంటారని. కన్నవాళ్ళు పెట్టిన పేర్లను కూడా పోగొట్టుకున్న మనుషుల నోట ఒక గింజ పేరు చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ మాట పలికినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

అందుకే దాని గురించి తప్పు రాస్తే బాధ కలుగుతుంది. బెన్నె బాంటూ మాట అని, దానికి అర్థం అదృష్టమని చాలాచోట్ల కనిపిస్తుంది. బాంటూ అంటే మధ్య, దక్షిణ ఆఫ్రికాల్లో పెద్ద భాషల కుటుంబం. వోలోఫ్, మాండింకా బాంటూ భాషలు కావు. ఆ గింజ అదృష్టం తెస్తుందన్నది ఒక నమ్మకం. మాటకు అర్థం మాత్రం నువ్వులే.

తయారీ చూడముచ్చటగా ఉంటుంది. నువ్వులు దోరగా వేయించి, వెన్న, ముదురు రంగు పంచదార, గుడ్డు, కాస్త మైదా కలుపుతారు. పళ్ళెం మీద గోళీలంత ముద్దలు ఎడంగా పెట్టి ఓవెన్‌లో ఉంచుతారు. వెన్న, పంచదార కరిగేసరికి ముద్ద దానంతటదే పరుచుకుంటుంది, అంచు ఎర్రబడుతుంది. వేడిమీద వంగుతుంది, చల్లారితే కరకరలాడుతుంది. మన చిమ్మిలికి పొయ్యితో పని నువ్వులు వేగేవరకే. ఆపైన బెల్లమూ రోకలీ చూసుకుంటాయి.

ప్రశ్న: మరి వెన్న అసలు ఏ మాట?

జవాబు: ‘వెలి’ అంటే తెలుపు, వెన్నెలలో ఉన్నది అదే. దానికి ‘నెయ్యి’ చేరితే వెన్న, తెల్లని నెయ్యి. నువ్వుకు నెయ్యి చేరితే నూనె. సంస్కృతంలోనూ తిల నుంచే తైలం వచ్చింది. కాబట్టి మీరు వేరుశనగ నూనె అన్నా, కొబ్బరి నూనె అన్నా అందులో నువ్వు ఉన్నట్టే. వెన్నా నువ్వులూ కలిసిన ఆ బిస్కట్టుకు బెన్నెతో కాకపోయినా, ఈ నెయ్యి దారిన మన మాటలతో ఒక పోలిక కుదిరింది.