"వివరింపదగున్": ఏరడమా, చెరగడమా, గాలించడమా?

— సుమతీ శతకంలో "వినదగు నెవ్వరు చెప్పిన" పద్యం రెండో పాదం దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నాను. "వేగపడక వివరింపదగున్" అనా, "వివేచింపదగున్" అనా? విన్నవాడు తొందరపడకుండా ఎవరికి ఏం వివరించాలి? తరువాతి పాదంలో ("కని కల్ల నిజము దెలిసిన") ఉన్నది కల్లనూ నిజాన్నీ విడదీసే పని. ఆ అర్థమిచ్చే క్రియే ఇక్కడా ఉండాలి కదా.

— "వివేచింప" కందపద్యంలో ఇమడదండీ. వినినం / తనెవే / గపడక / వివరిం / పదగున్: అన్నీ నాలుగేసి మాత్రలు, మూడోది నలం (నాలుగూ లఘువులే), లెక్క సరిపోయింది. నాలుగో గణంలో "వివేచిం" పెడితే లగగ (ఒక లఘువు, రెండు గురువులు), అయిదు మాత్రలు. యతి రెండింటికీ చెల్లుతుంది, గణమే ఒప్పుకోదు. పాఠం "వివరింపదగున్" అనే.

— పాఠం అదే అయినా అర్థం "విడమరచి చెప్పడం" కాదు. సంస్కృతంలో వి + వృ అంటే కప్పు తీయడం. విన్న మాట మీది కప్పు తీసి లోపల ఏముందో చూసుకోవడం ఇక్కడి వివరించడం. ఈ పాత అర్థం వాడుకలోంచి పూర్తిగా పోలేదు. "వివరం తెలిసిన మనిషి" అంటే మంచిచెడ్డలు ఎంచగలవాడని అర్థం, బాగా ఉపన్యసించేవాడని కాదు.

— వివరము అంటే రంధ్రం కూడా. అందుకే నేను దీన్ని "జల్లించడం" అని చదువుకుంటాను. జల్లెడ కన్నాల్లోంచి పిండి దిగుతుంది, తవుడు పైన నిలుస్తుంది.

— రంధ్రానికీ వివరణకూ ధాతువు ఒకటే, కాని అంతమాత్రాన జల్లెడ రాదు. జల్లెడ విడదీసేది పరిమాణాన్ని బట్టి. గింజంత రాయి గింజతోపాటే ఉండిపోతుంది. కల్ల ఎప్పుడూ నిజమంత సైజులోనే వస్తుంది, జల్లిస్తే ఏం లాభం?

— అయితే చేటే సరైన పోలిక. వివేకంలోని విచ్ ధాతువుకు వి చేరితే సంస్కృతంలోనే ధాన్యం చెరిగి వేరుచేయడం అనే అర్థముంది. చెరగడంలో మూతి కాస్త కిందికి వంచి ఎగరేస్తారు, గింజ పడే క్షణంలో చేటను వెనక్కి లాగుతారు. పొట్టు మూతి దాటిపోతుంది, గింజ లోపలి వైపు చేరుతుంది. చేటలో మూడోవంతుకు మించి పోస్తే పొట్టు గింజల మధ్య చిక్కుకుని ఎంత ఎగరేసినా రాదు. నేమడం వేరు. అందులో ఎగరేయరు, పక్కలకు ఆడించి నూకలు ఒకవైపు చేరుస్తారు. ఇప్పుడు రెంటినీ "చెరగడం" అనేస్తున్నారు, నాకది నచ్చదు.

— చెరిగినా రాళ్లు పోవు, గాలించాలి. బియ్యంలో నీళ్లు పోసి గిన్నెను గుండ్రంగా ఆడిస్తూ, పైకి లేచిన బియ్యాన్ని నీళ్లతో సహా రెండో గిన్నెలోకి వంపాలి. బరువైన రాయి అడుగున ఉండిపోతుంది. తొందరపడి ఒక్కసారిగా వంపితే రాయి కూడా దొర్లుకుంటూ వచ్చేస్తుంది. "వేగపడక" అన్న మాటకు ఇంతకంటే సరిపోయే పని మరొకటి లేదు. పత్రికల్లో "గాలింపు చర్యలు" అంటే ఉత్త వెతుకులాటగా మిగిలింది, పాపం.

— అలా చూస్తే తూర్పారబట్టడం తిట్టడమైపోయింది! కళ్లంలో తూర్పుగాలికి ఎగరబోయడం వల్ల ఆ మాట వచ్చిందంటారు.

— దిక్కుతో పనిలేదండీ. కన్నడంలో "తూరు" అంటే ఎగరబోయడమే. తమిళంలో "తూఱ్ఱు"కు ఎగరబోయడం, అపవాదు వేయడం అని రెండర్థాలూ ఉన్నాయి. కాబట్టి తిట్టు అర్థం కూడా మనం ఈమధ్య అంటగట్టింది కాకపోవచ్చు. పైగా తూర్పుగాలే కావాలంటే మిగతా రోజుల్లో పని ఆగిపోవాలి. కావలసింది ఒకే వైపు నుంచి నిలకడగా వీచే గాలి. మధ్యలో గాలి తిరిగితే తాలు మళ్లీ రాశి మీదే పడుతుంది.

— అన్నిటికంటే గట్టి ఏరుడు వేమనది. "ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు." చేట, జల్లెడ, కన్ను అన్నీ ఓడిపోయే జంటను ఎంచుకున్నాడు. ఇక నాలుకే గతి. అదీ కవి చూపు.

— గాలిస్తే అవీ విడిపోతాయి. ఉప్పు కరుగుతుంది, కర్పూరం నీళ్ల మీద తేలుతుంది. కాని ఆ ఉప్పు మళ్లీ కావాలంటే నీళ్లు మరిగించి ఇగరబెట్టాలి. వేమన నాలుకనే నమ్మడం అందుకే బాగుంది.

— సుమతీ శతకం రాసిన బద్దెన దగ్గరికి రండి. మూడో పాదంలో "కని" ఉంది. కంటితో చూసి, ఒక్కొక్కటిగా తీయడం ఏరడమే. పరిమాణం, బరువు రెండూ కలిసిపోయినప్పుడు మిగిలే పని అదొక్కటే. పళ్లెంలో ఒకే వరస మందాన పరిచి, ఇవతలి నుంచి అవతలికి నాలుగేసి గింజలు జరుపుతూ పోవాలి. కుప్పగా పోసి ఏరితే అడుగున ఉన్నది కంటికి ఆనదు.

— "కని" ముందు విరుస్తున్నారా, "కల్ల నిజము" ముందు విరుస్తున్నారా? కల్లా నిజమూ రెండూ ద్వంద్వమైతే తెలుగులో "కల్లనిజములు" కావాలి. ఏకవచనంలో ఎందుకుంది?

— సమాహారంగా, అంటే రెండూ కలిపి ఒక్కటిగా, తీసుకోవచ్చు. "నిజము దెలిసిన"లో గసడదవాదేశం ("తెలిసిన" "దెలిసిన" కావడం) ప్రథమావిభక్తి మీదే కదా వచ్చింది. జడానికి (ప్రాణం లేనిదానికి) ద్వితీయకు బదులు ప్రథమ ఎలాగూ చెల్లుతుంది.

— ప్రథమ చెల్లుతుంది, ఒప్పుకున్నాను. తెలుగులో సమాహారానికి ఏకవచనం ఎలా వస్తుందో మాత్రం చెప్పలేదు మీరు.