కామిక్స్ బొమ్మల్లో వాస్తవికత ఎంతవరకు అవసరం?

ప్రశ్న: ఛాయాచిత్రాన్ని తలపించేలా గీసిన కామిక్స్ పుటలు విడిగా చూసినప్పుడు అబ్బురపరుస్తాయి గానీ, కథగా చదువుతున్నప్పుడు పాత్రలు బిగుసుకుపోయినట్లు అనిపిస్తాయి. ఇది ఆ శైలికే ఉన్న పరిమితా?

సమాధానం 1: ఆ ప్రమాదం ఉన్న మాట నిజమే. ఫొటోను ఆధారం చేసుకొని గీస్తే అందులో ఆగిపోయిన క్షణమే బొమ్మలోకి వస్తుంది; కామిక్స్ గడి మాత్రం జరిగిపోయిన కదలికను, జరగబోయే కదలికను కూడా సూచించాలి కాబట్టి, చాలామంది చిత్రకారులు భంగిమను కావాలనే కొంత అతిశయంగా గీస్తారు. అయితే 1994లో వచ్చిన ‘మార్వెల్స్’ అనే అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌ను చిత్రకారుడు అలెక్స్ రాస్ మనుషుల ఫొటోల ఆధారంగా గ్వాష్ (నీటిలో కలిపే చిక్కటి) రంగులతో చిత్రించారు. ఆ కథ ఒక ఫొటోగ్రాఫర్ కళ్లతో సాగుతుంది గనుక, ఆ నిశ్చలత్వం అక్కడ చక్కగా అమరింది.

సమాధానం 2: వివరాలు ఎక్కువగా ఉండటమే వాస్తవికత అనడం నాకు సమ్మతం కాదు. బెల్జియం కామిక్స్ చిత్రకారుడు ఎర్జే తన కథానాయకుడు టిన్‌టిన్ కళ్లను రెండు చుక్కలతో సరిపెట్టి, వాహనాలను, భవనాలను మాత్రం శ్రద్ధగా పరిశీలించి గీశారు. ముఖం సరళంగా ఉన్నకొద్దీ పాఠకుడు పాత్రలో తనను చూసుకోగలడని కామిక్స్ కళను విశ్లేషించిన అమెరికన్ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వాదించారు. ఇది అన్ని కథలకూ వర్తిస్తుందని మాత్రం నేను నమ్మను. నా దృష్టిలో శరీరపు బరువు ఏ కాలిపై ఉందో, బట్ట ఎక్కడ ముడతపడుతుందో తెలిసి గీసిన నాలుగు గీతలు, చర్మంపై ప్రతి రంధ్రాన్నీ చూపిన బొమ్మకన్నా వాస్తవికమైనవి.

ప్రశ్నించినవారు: అలాగైతే నన్ను ఇబ్బంది పెట్టింది వివరాల ఆధిక్యం కాదు, కదలిక లేకపోవడమే.