అప్‌డేట్: కరివేపాకు మీద పక్షి రెట్టలాంటి పురుగులు

విశాఖ సీతమ్మధారలో మా మేడ మీది కరివేపాకు మొక్కను పక్షి రెట్టలాంటి పురుగులు తినేస్తున్నాయి, వేపనూనె కొట్టాలా అని పోయిన నెల అడిగాను. ఆగమన్నవారి మాటే విన్నాను. కొన్నాళ్లకు అవి ఆకుపచ్చగా మారాయి. పుల్లతో తాకితే ఒకటి తల వెనుక నుంచి ఎర్రటి కొమ్ముల జంట బయటపెట్టి ఘాటైన వాసన వదిలింది! ఏడింటిలో నాలుగింటిని పిట్టలు, కందిరీగలు ఎత్తుకుపోయాయి. వాటికీ పిల్లలున్నాయి మరి. ఒకటి కొమ్మకు దారంతో నడుము కట్టుకుని ప్యూపాగా, అంటే సీతాకోకచిలుక అయ్యే ముందు కదలకుండా ఉండే దశకు మారింది. 11వ రోజు నల్లటి సీతాకోకచిలుకై ఎగిరింది, వెనుక రెక్కల మీద తెల్లమచ్చల వరుసతో. కామన్ మోర్మన్ అనే జాతిలో మగది. నిమ్మ, మారేడు, కరివేపాకు ఒకే కుటుంబం. ఇవి గుడ్లు పెట్టేది ఆ కుటుంబపు మొక్కల మీదే.

మొక్క సంగతా? మోడైన కొమ్మల కణుపుల్లో చిగుళ్లు తొంగిచూస్తున్నాయి. ఉప్మాలోకి మాత్రం ఇంకా రైతుబజారు కరివేపాకే.