చర్చ: విజయనగరం మున్సిపల్ హైస్కూళ్లకి ఊరంతటికీ ఒక పెద్ద ల్యాబ్ మేలా, తరగతికో సైన్స్ పెట్టె మేలా?

గంటస్తంభం
ఆరు నుంచి పది వరకు పిల్లలు ప్రయోగాలు తమ చేతులతోనే చెయ్యాలన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే. బడుల్లో ప్రయోగశాలలకి కేంద్రం డబ్బిచ్చే అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకంలో ఒక బడికి ఐదేళ్లకి 20 లక్షలు. అందులో 10 లక్షలు ఏర్పాటుకి, మిగతా 10 నడపడానికి. అంత మొత్తమే మన ఊరి బడులన్నిటికీ కలిపి వచ్చిందనుకోండి. ఒకే చోట మంచి ల్యాబ్ పెట్టి వంతులవారీగా వాడుకుందామా, లేక ప్రతి బడిలో తరగతికో పెట్టె ఇద్దామా? దయచేసి లెక్కలతో చెప్పండి.

లోలకం
నా ఓటు పెట్టెకే. 30 సెక్షన్లు ఉన్నాయనుకుందాం. రోజుకి రెండు సెక్షన్లు ల్యాబుకి వెళ్లినా ఒక్కో సెక్షన్ వంతు 15 పనిరోజులకోసారి వస్తుంది. ఈలోగా పాఠం దాటిపోతుంది. పైగా 40 మందిని రోడ్లు దాటించి తీసుకెళ్లడానికి ఇద్దరు టీచర్లు కావాలి, ఆ పూట వాళ్ల మిగతా పీరియడ్లు పోయినట్టే.

తరగతి గదిలో ఏం చెయ్యొచ్చో ఒక్క ప్రయోగం చూడండి. ఐదుగురికో జట్టు, ఎనిమిది జట్లు. జట్టుకి దారం, ఇనుప నట్టు, స్కేలు. అందరికీ కలిపి సెకన్ల ముల్లున్న గోడ గడియారం. దారం కట్టిన చోటు నుంచి నట్టు మధ్య వరకు 25 సెంటీమీటర్లు ఉండాలి. నట్టు పై అంచు దాకా కొలిస్తే తప్పు. అది ఒకసారి అటు వెళ్లి ఇటు వచ్చి మొదటి చోటికి చేరడం ఒక ఊపు. 20 ఊపులకి 20 సెకన్లు పట్టాలి.

పిల్లలు పొరబడే చోటు ఒకటుంది. నట్టు వదులుతూనే "ఒకటి" అనేస్తారు. వాళ్ల లెక్క 20కి చేరేసరికి నిజంగా అయినవి 19 ఊపులు, గడియారంలో 19 సెకన్లు. ఆ లెక్కతో గురుత్వ త్వరణం కడితే 9.8 రావలసింది 10.9 వస్తుంది. "సున్నా" అంటూ వదలాలని ముందే చెప్పకండి. రెండు రకాల జవాబుల్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లనే వెతకనివ్వండి. అసలు పాఠం అదే. వంతు అయిపోతోందని తొందరపెట్టే ల్యాబులో ఆ పది నిమిషాలు దొరకవు.

టంకం పని
మాస్టారూ, నట్టుతో, దారంతో ఎనిమిదో తరగతి గట్టెక్కుతుంది. పదిలో విద్యుత్తు వచ్చేసరికి ఏం చేస్తారు? ఓమ్ నియమానికి జట్టుకి రెండు మీటర్లు కావాలి, వోల్టేజీకొకటి, కరెంటుకొకటి. మల్టీమీటరు ఎర్ర తీగని కరెంటు కొలిచే రంధ్రంలోనే ఉంచేసి సెల్లు రెండు కొసలకీ తాకిస్తారు. మిల్లీఆంపియర్ల రంధ్రమైతే లోపలి ఫ్యూజు ఠపీమని పోతుంది. మీటరు బాగానే ఉంటుంది, మార్చవలసింది చిన్న గాజు ఫ్యూజు ఒక్కటే. ఆ సంగతి చూసేవాళ్లు లేక "మీటరు పాడైంది" అని పక్కన పడేస్తారు.

ఎల్‌ఈడీల సంగతీ అంతే. 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే ఒక్క వెలుగు వెలిగి మాడిపోతుంది. ఎర్ర ఎల్‌ఈడీ తీసుకునేది 2 వోల్టులు, మిగిలిన 7 వోల్టుల్ని ఆపడానికి 470 ఓమ్‌ల రెసిస్టరు పెడితే కరెంటు 15 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది. ఇలాంటివి తెలిసిన మనిషి ప్రతి బడిలో ఉండాలంటే కష్టం. ఒక ల్యాబుకి ఒక మంచి ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకోవడం సాధ్యం. నేను ల్యాబ్ అంటున్నది గది కోసం కాదు, ఆ మనిషి కోసం.

స్టాకు రిజిస్టరు
మీరిద్దరూ తాళం సంగతి వదిలేశారు. పెట్టెలు ఇస్తే అవి బీరువాలోకి ఎందుకు వెళతాయి? టీచర్లకి బద్ధకమని కాదు. టెస్ట్‌ట్యూబు పగిలితే రిజిస్టరులో అంకె తగ్గుతుంది, ఆడిట్‌లో అడుగుతారు. బదిలీ వేళ ఛార్జి అప్పగించేటప్పుడు లెక్క తేలకపోతే సంతకం పెట్టిన మనిషే జవాబు చెప్పాలి. ఆ భయం ఉన్నంత కాలం ఊరి మధ్య ల్యాబుకీ తాళమే, తరగతి పెట్టెకీ తాళమే.

అందుకని కొనేముందే రిజిస్టర్లు రెండు చెయ్యాలి. మైక్రోస్కోపు, మల్టీమీటరు, తక్కెడ లాంటివి మొదటిదాంట్లోకి. గాజు సామాను, సెల్లులు, రాగి తీగ, ఎల్‌ఈడీలు, చిన్న కటకాలు రెండోదాంట్లోకి. రెండోదాంట్లో రాసినవి పగలడానికి, అయిపోవడానికే ఉన్నాయని ముందే ఉత్తర్వులో రాసి ఉండాలి. వాటిని కొట్టివేసే అధికారం హెడ్మాస్టరుకే ఇవ్వాలి, దానికో పై ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేకుండా. పెట్టిన డబ్బులో కొంత ఏటా తిరిగి నింపడానికే పక్కన పెట్టండి.

ఇది కొత్త సంగతేం కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం 1972లో 16 బడుల్లో మొదలై 2002 దాకా నడిచింది. కిట్లు ఇచ్చి ఊరుకోలేదు. ఏటా నింపేవారు, టీచర్లు నెలనెలా కూర్చుని ఏ ప్రయోగం ఎక్కడ తిరగబడిందో మాట్లాడుకునేవారు. పుస్తకం చూసి రాసే పరీక్ష, ప్రయోగ పరీక్ష కూడా పెట్టారు. మనకి పదో తరగతి పబ్లిక్‌లో ప్రయోగ పరీక్షే లేదు. ఆ ఒక్కటి మారకపోతే జనవరి నుంచి పెట్టెని ఎవరూ తెరవరు, ఎవరిచ్చినా సరే.

మందార
స్టాకు రిజిస్టరు గారి మాటతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. బయాలజీ, కెమిస్ట్రీ వైపు నుంచి కొన్ని చేరుస్తున్నాను.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసాని ఇనుప వస్తువులున్న బీరువాలో పెట్టొద్దు. మూత ఎంత బిగించినా ఆవిరి వస్తూనే ఉంటుంది. మన తేమకి అది తోడైతే క్లిప్పులు, స్టాండ్లు, తక్కెడ గుళ్లు వర్షాకాలం దాటేసరికి తుప్పు పట్టి ఉంటాయి. ఎనిమిదో తరగతి దాకా నిమ్మరసం, వెనిగర్, వంటసోడా, సున్నపు తేట చాలు.

పసుపు కాగితంతో ఆమ్లం, క్షారం రెండూ తేలతాయని చాలామంది చెప్పేస్తారు. అది తప్పు. క్షారంలో ఎర్రబడుతుంది, నిజమే. నిమ్మరసంలోనూ మంచినీళ్లలోనూ మాత్రం పసుపుగానే ఉంటుంది. రెండూ తేలాలంటే మందార రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టిన రసం వాడండి. ఆమ్లంలో ముదురు గులాబి, క్షారంలో ఆకుపచ్చ.

సున్నపు తేట ఏ రోజుకారోజు వడకట్టాలి. మూత లేకుండా ఉంచితే పైన పొర కట్టి పనికిరాదు. స్ట్రాతో ఊదితే తెల్లబడుతుంది. అక్కడ ఆపకుండా ఊదుతూ పోతే మళ్లీ తేటపడుతుంది. పిల్లలు ప్రయోగం పాడైందనుకుంటారు. పాడవలేదు, కాల్షియం కార్బొనేటు బైకార్బొనేటుగా మారి కరిగింది.

ఇక మైక్రోస్కోపు. దీనికి మాత్రం నేను తరగతి పెట్టె ఒప్పుకోను. లెన్సుకి బూజు పట్టిందంటే వదలదు. సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి. నీలం గింజలు గులాబి రంగుకి తిరిగితే పెనం మీద సన్నని సెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ పని వారంవారం చూసుకునే ఒకే మనిషి కావాలి. కాబట్టి బడికి రెండు, బయాలజీ టీచరు చేతిలో.

టంకం పని
రిజిస్టర్ల సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా పోయిన ఫ్యూజు ఎవరు మారుస్తారన్న ప్రశ్న అలాగే ఉంది. ల్యాబ్ కట్టకపోతే పోనీయండి, ఆ ఇన్‌స్ట్రక్టర్‌ని మాత్రం వదులుకోకండి. వారానికి రెండు బడుల చొప్పున తిరిగి మీటర్లు బాగుచేసి, తీగలు కొత్తవి ఇచ్చి, వేసవి సెలవుల ముందు పరికరాల్లోంచి సెల్లులన్నీ తీయించాలి. లోపలుంచితే సెల్లులో రసాయనం దాని జింకు డబ్బానే తినేసి కారి, స్ప్రింగుల్ని కూడా తినేస్తుంది.

లోలకం
మనిషి తిరగడమైతే నాకూ సమ్మతమే. గదికి మాత్రం డబ్బు వద్దు.

అరసవల్లి దారి
శ్రీకాకుళం నుంచి ఒక మాట. ఏ పద్ధతి ఖాయమైనా అది వచ్చేలోగా మొదలుపెట్టగలిగింది ఒకటుంది. మీటరు కర్రని బడి ఆవరణలో నిలువుగా పాతండి. నిలువు సరిచూడ్డానికి దారానికి రాయి కట్టి రెండు వైపుల నుంచీ చూడాలి. పగలు, రాత్రి ఇంచుమించు సమానమయ్యే సెప్టెంబరు 23న మీ విజయనగరంలో నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది 12 గంటలకి కాదు, 11:49 ప్రాంతంలో. 11:30 నుంచి ఐదేసి నిమిషాలకి నీడ కొసన సుద్ద గుర్తు పెట్టించండి. అతి పొట్టి నీడ సుమారు 33 సెంటీమీటర్లు వస్తుంది. స్కేలుమీద బొమ్మ గీసి కర్ర పైకొస దగ్గరి కోణాన్ని కోణమానినితో కొలిస్తే 18 డిగ్రీలు, అదే మన అక్షాంశం.

తర్వాత ఈ ప్రశ్న అడగండి. అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు మార్చి 10 ప్రాంతంలోనూ, మళ్లీ అక్టోబరు 2 ప్రాంతంలోనూ ఎందుకు పడతాయి? క్యాలెండరు తీసి డిసెంబరు 21 నుంచి వెనక్కి, ముందుకి లెక్కపెట్టమనండి. ఇటు 80 రోజులు, అటు 79 వస్తాయి. అంటే ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు ఆకాశంలో ఇంచుమించు ఒకే దారిన వెళతాడన్నమాట.

23న మబ్బు పట్టిందని మానేయొద్దు. ఆ రోజుల్లో నీడ రోజుకి ముప్పావు సెంటీమీటరే పెరుగుతుంది, మూడు రోజులు ఆలస్యమైనా లెక్కలో ఆ రెండుంబావు తీసేసుకోవచ్చు.