రెసిడెన్సీలో 1857 గది: అసలు కాగితాలా, నకళ్ళా?

మూసీగట్టు:
1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) ఉండే కోఠి రెసిడెన్సీ మీద దాడి నడిపిన్రు. ఆ భవనంలోనే దానికో చిన్న మ్యూజియం గది పెడితే అసలు కాగితాలే ఉండాలంటాను. జిరాక్సులు చూడ్డానికి కోఠి దాకా ఎవరొస్తరు?

కాగితంపురుగు:
అసలు కాగితానికి 50 లక్సు (వెలుతురు కొలత) దాటి వెలుతురు పడొద్దు. కొన్ని నెలలు చూపిస్తే మళ్ళీ ఏళ్ళపాటు చీకట్లో ఉంచాలె.

మూసీగట్టు:
నిజాం దర్బారు ఫార్సీ కాగితాలది మసి సిరా అన్నా. వెలుతురుకు చెదరదు.

కాగితంపురుగు:
సిరా చెదరదు, కాగితం పసుపెక్కుతది. పైగా మసి సిరా నీళ్ళు తగిలితే కరుగుతది. రెసిడెన్సీ ఇంగ్లీషు ఉత్తరాలది ఇంకో బాధ: ఇనుప సిరా. గాలిలో తేమ పెరిగితే అక్షరం ఉన్నచోటే కాగితాన్ని తినేస్తది. చివరికి గీత గీతకూ చిల్లు. లామినేషన్ చేయించారో, ఇక విడదీయడం ఉండదు. అద్దం కాగితానికి ఆనితే చెమ్మకు అతుక్కుంటది, మధ్యలో మౌంటు అట్ట ఉండాల్సిందే. ప్లైవుడ్ పెట్టె వద్దు, దాని జిగురు ఆవిరి కాగితాన్ని పాడుచేస్తది.

పుత్లీబౌలి:
ఒక ఫ్యాను పెడితే కాదా భాయ్?

సున్నపుబట్టీ:
ముందు గోడ సంగతి చూడండి. సున్నపు గోడ మీద సిమెంటు అతుకేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, పక్కన మెత్తగా ఉన్నచోట ఉప్పై పొంగుతది. గానుగ సున్నం ఒక పాలుకు రెండు పాళ్ళ ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం. పైన ప్లాస్టిక్ పెయింటు వద్దు. ఒక వానాకాలమంతా గదిలో తేమ రాసిపెట్టాకనే అద్దాల పెట్టెల మాట.

మూసీగట్టు:
మీరిద్దరూ కలిసి గది తెరవకుండా చేసేటట్టున్నరు!

కాగితంపురుగు:
సరే, సూటిగా చెప్తా. మీరనే ‘అసలు’ ఇంగ్లీషు ఫైళ్ళు ఎవరు రాసినవి? రెసిడెంటు కత్‌బర్ట్ డేవిడ్సన్ కచేరీ. ఆ కాగితం అద్దంలో పెట్టి, దాని మీద దీపం పెడితే తుర్రేబాజ్ ఖాన్ వాళ్ళ మాటల్లోనే కనబడతడు.

మూసీగట్టు:
అంటే లక్సులు, సిరాలు అన్నీ సాకులా?

కాగితంపురుగు:
సాకులేం కావు. నకలైతే ఫార్సీది, ఇంగ్లీషుది పక్కపక్కన పెట్టి, కింద తెలుగు, ఉర్దూ అనువాదం ఇవ్వొచ్చు. ఏడాదంతా ఉంచొచ్చు.

పుత్లీబౌలి:
తిరుగుబాటుదార్లు కాల్పులు జరిపింది రెసిడెన్సీ బయటున్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్ళ మీది నుంచి. దొర బంగ్లాలో గది ఎందుకు, గేటు బయట పెట్టండి.

మూసీగట్టు:
బయట బస్సుల పొగలోనా? తూప్రాన్‌లో కాల్చి చంపి, శవాన్ని తెచ్చి హైదరాబాద్‌లో వేలాడదీసిన మనిషికి ఆ భవనం లోపలే చోటుండాలె. ఇందులో నేను తగ్గేది లేదు.

సున్నపుబట్టీ:
లోపలైనా బయటైనా, సిమెంటు అతుకుంటే ముందు గీకించండి. సుత్తితో కాదు, సన్న ఉలితో.